మొరం నేల మీద 26 సీసీ బగ్గీ: ఎండాకాలం నుంచి వానల దాకా ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్: బండి ఇంటికొచ్చింది

ముందు బండి సంగతి. రిమోట్‌తో నడిపే బొమ్మ కారు: 1/5 స్కేల్ పెట్రోల్ బగ్గీ, అంటే అసలు బండిలో అయిదో వంతు సైజు, వెనక చక్రాలు మాత్రమే లాగే రకం. హెచ్‌పీఐ కంపెనీ బాజా 5బీ బగ్గీ డిజైన్ చూసి చైనాలో చేసిన బండి ఇది. పొడవు 80 సెంటీమీటర్లు దాటుతుంది, వెడల్పు 48 దాకా ఉంటుంది, బరువు పది కిలోలు. ఇంజన్ టూ స్ట్రోక్, గాలితోనే చల్లబడుతుంది, పుల్ స్టార్టర్ తాడు లాగి స్టార్ట్ చేయాలి. జెనోవా కంపెనీ జీ260 ఇంజన్ కొలతలే దీనికీ ఉన్నాయి: బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 34 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 28. లెక్కేస్తే 25.4 సీసీ వస్తుంది, పిలిచేది మాత్రం 26 అనే. హైదరాబాద్‌లోనే ఒకరి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను.

చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. కాస్త వేడెక్కాక రిమోట్ ట్రిగ్గర్ వదిలినా రేసు వెంటనే దిగదు, పైనే వేలాడి, మెల్లగా దిగి, ఆ తర్వాత ఆగిపోతుంది. మళ్ళీ చల్లారేదాకా తాడు ఎంత లాగినా లాభం లేదు. "కార్బొరేటర్ ట్యూనింగ్ చేయించుకుంటే చాలు" అని అమ్మినాయన చెప్పాడు. నాకు మాత్రం ఎక్కడో దొంగగాలి లోపలికి వెళ్తోందని మొదటి రోజు నుంచీ అనుమానం. కార్బొరేటర్ గుండా కాకుండా వేరే సందులోంచి గాలి వెళ్తే పెట్రోల్-గాలి మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తగ్గుతుంది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తో పాటే కాబట్టి పెట్రోల్ తగ్గిందంటే చల్లదనంతో పాటు ఆయిల్ కూడా తగ్గినట్టే.

ఈ బండి చూసినవాళ్ళు ముందు అడిగేది ఎంత స్పీడ్ పోతుందని. గంటకు 60 కిలోమీటర్ల పైనే పోతుంది, అందులో కష్టమేమీ లేదు. మన ఎండలో, మన మొరంలో, ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ పెట్రోల్‌తో ఈ ఇంజన్‌ని ఆరోగ్యంగా తిప్పడమే కష్టం. ఎగ్జాస్ట్ పైపులకీ రంగురంగుల అల్యూమినియం పార్టులకీ పోసే డబ్బులో సగం ఫిల్టర్ మీద, సీళ్ళ మీద పెడితే ఇంజన్ రెండింతలు బతుకుతుందని నా గట్టి నమ్మకం. ఈ డైరీ రాస్తున్నది కూడా అందుకే.

ఏప్రిల్ చివర: విప్పి చూస్తే

ఇంజన్ పై కవర్ తీయగానే సిలిండర్ రెక్కల మధ్య ఎర్రమన్ను అలికినట్టు గట్టిపడి ఉంది. టూ స్ట్రోక్ ఆయిల్ ఎక్కడో ఒకచోట చెమరుస్తూనే ఉంటుంది, దాని మీద మొరం దుమ్ము పడి ఎండకి కరుడు కడుతుంది. ఇక ఫ్యాన్ ఎంత గాలి కొట్టినా రెక్కల్లోకి వెళ్ళదు. వెదురు పుల్లతో గీకి, కిరోసిన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో రుద్ది మొత్తం తీశాను. ఇనుప స్క్రూ డ్రైవర్‌తో గీకితే రెక్కలు దెబ్బతింటాయి, ఆ పని చేయొద్దు.

ఎయిర్ ఫిల్టర్ ఫోమ్ పొడిగా ఉంది, అసలు ఆయిలే లేదు. దాని వెనక కార్బొరేటర్ నోట్లో వేలు పెట్టి తిప్పితే వేలికి సన్నటి ఎర్ర పొడి అంటింది. ఇక సిలిండర్ విప్పక తప్పలేదు.

పిస్టన్ ఏ పక్కన అరిగిందో చూస్తే జబ్బు ఏమిటో చాలావరకు తెలుస్తుంది. ఇన్‌టేక్ వైపు (గాలి, పెట్రోల్ లోపలికి వచ్చే వైపు) పిస్టన్ కిందిభాగం, అంటే స్కర్ట్, మెరుపు పోయి, సన్నటి నిలువు గీతలతో మసకబారి ఉంటే దుమ్ము లోపలికి పోతున్నట్టు. ఎగ్జాస్ట్ వైపు లోతైన గీతలు, అల్యూమినియం పూసుకుపోయిన మరకలు ఉంటే వేడి, పలచటి మిశ్రమం, ఆయిల్ చాలకపోవడం. మా పిస్టన్‌కి రెండూ ఉన్నాయి: ఇన్‌టేక్ వైపు బాగా అరుగు, ఎగ్జాస్ట్ వైపు ఇప్పుడిప్పుడే మొదలైన గీతలు. సిలిండర్ లోపలి గట్టి పూత మాత్రం ఎక్కడా లేవలేదు, చాలా సంతోషమేసింది. రింగు ఒక్కదాన్నే సిలిండర్‌లో దించి, పిస్టన్‌తో చదునుగా నెట్టి, చివర్ల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పల్చటి రేకులు) చూశాను. కొత్త రింగు సందుతో పోలిస్తే బాగా ఎక్కువుంది. పిస్టన్, రింగు, పిన్ను, బేరింగు సెట్‌గా ఆర్డర్ పెట్టాను.

మే మొదటి వారం: రాణిగంజ్, బాలానగర్

బేరింగులు, ఆయిల్ సీళ్ళ కోసం రాణిగంజ్ వెళ్ళాను. ఈ బండ్ల స్పేర్లు విదేశాల నుంచే రావాలని చాలామంది అనుకుంటారు. బేరింగులకి ఆ అవసరం లేదు, నంబరు బేరింగు మీదే చెక్కి ఉంటుంది, సీలు మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మూడు కొలతలూ అచ్చు వేసి ఉంటాయి. ఆ నంబర్లు కాగితం మీద రాసుకెళ్తే కౌంటర్ దగ్గర నిమిషాల పని. చక్రాల బేరింగులు మాత్రం అడిగి మరీ టూ ఆర్‌ఎస్ రకం తీసుకోండి, అంటే రెండు వైపులా రబ్బరు మూత ఉన్నవి. జెడ్‌జెడ్ అని ఉన్నవాటికి రేకు మూత ఉంటుంది, ఆ సందులోంచి మొరం పొడి లోపలికి పోయి గ్రీజుని సానపట్టే పేస్టుగా మార్చేస్తుంది. క్లచ్ బెల్ (క్లచ్ షూలు లోపల రాసుకునే గిన్నె) పక్కన మాత్రం రబ్బరు మూత ఆ వేడికి నిలవదు, అక్కడికి వేడి తట్టుకునే బేరింగే వెతకాలి.

అక్కడి నుంచి బాలానగర్‌లో తెలిసిన లేత్ షాపుకి. ఇంజన్‌ని ప్రెషర్ పెట్టి చూడాలంటే ఎగ్జాస్ట్ దారికీ ఇన్‌టేక్ దారికీ మూతలు కావాలి, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో బిగించే ట్యూబు అడాప్టర్ ఒకటి కావాలి. ఇంజన్ చేతిలోకి తీసుకుని లేత్ అన్న అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గడ్డి కోసే మిషన్‌దా అన్నా ఇది?"

"ఆ ఖాందానే అన్నా, కానీ బొమ్మ కారుది."

"బొమ్మ కారుకు గింత ఇంజనా!" అని పక్క మిషన్ మీదున్న కుర్రాణ్ణి కూడా పిలిచి చూపించాడు. నిజానికి ఆయన అన్నదే సరైన మాట. ఈ ఇంజన్ల పుట్టిల్లు బ్రష్ కట్టర్లు, చైన్ సాలే. జెనోవా కూడా ఒకప్పుడు కొమాత్సు కింద ఉండి, 2007లో చైన్ సాలు చేసే హస్క్‌వర్నా చేతికి వెళ్ళింది. కార్బొరేటర్ కూడా అదే వాల్‌బ్రో కంపెనీ డయాఫ్రమ్ రకం, అంటే లోపలి పల్చటి రబ్బరు పొర ఆడి పెట్రోల్ లాగే రకం, కాబట్టి, బ్రష్ కట్టర్ రిపేరు షాపుల్లో మనకి పనికొచ్చే సామాను చాలా ఉంటుంది. డయాఫ్రమ్ మాత్రం పాతది తీసుకెళ్ళి, కొత్తదాని మీద పెట్టి రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూసుకునే కొనాలి.

మే రెండో వారం: బీపీ మిషన్ బల్బుతో లీకు పరీక్ష

ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా నచ్చిన పని ఇదే.

ఇంట్లో మూలన పడున్న పాత బీపీ మిషన్ తీసుకున్నాను, ముల్లు తిరిగే డయల్ ఉండే రకం. పట్టీ తీసేసి దాని ట్యూబుని ప్లగ్ అడాప్టర్‌కి తగిలించాను. సైకిల్ ట్యూబు రబ్బరు కత్తిరించి ఎగ్జాస్ట్ మూత కింద పెట్టి బిగించాను. ఇన్‌టేక్ మూతని మాత్రం ఐసొలేటర్ ముందు పెట్టాలి, అంటే కార్బొరేటర్ కూర్చునే చోట. అలా చేస్తేనే ఐసొలేటర్ గ్యాస్కెట్ కూడా పరీక్షలోకి వస్తుంది. పిస్టన్ కిందికి దింపి పెడితే సిలిండరూ క్రాంక్ కేసూ ఒకే గదిగా కలుస్తాయి. ఇక బల్బు నొక్కుతూ పోవడమే. డయల్ మీద 300 అంటే టైరు గాలి లెక్కలో ఆరు పీఎస్ఐకి కొంచెం తక్కువ. ఇంత చిన్న క్రాంక్ కేసుకి అది సరిపోతుంది, అంతకన్నా ఎక్కువ పెట్టి సీళ్ళని బాధపెట్టక్కర్లేదు.

ముల్లు నిలబడితే ఇంజన్ బిగుతుగా ఉన్నట్టు. మాది నిలబడలేదు, కళ్ళముందే జారిపోయింది. సబ్బు నీళ్ళు బ్రష్‌తో రాస్తూ వెళ్తే ఐసొలేటర్ గ్యాస్కెట్ దగ్గర బుడగలు, ఫ్లైవీల్ వైపు క్రాంక్ సీల్ దగ్గర సన్నటి నురగ కనిపించాయి. వేడెక్కాక రేసు ఎందుకు వేలాడుతోందో జవాబు దొరికింది! కార్బొరేటర్ స్క్రూలు ఎన్నాళ్ళు తిప్పినా ఈ జబ్బు నయం కాదు.

ఐసొలేటర్ గురించి కొంచెం. కార్బొరేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే నల్లటి ప్లాస్టిక్ దిమ్మ అది. సిలిండర్ వేడి కార్బొరేటర్‌కి పాకకుండా ఆపుతుంది. అందులో సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది, పిస్టన్ పైకీ కిందికీ ఆడేటప్పుడు క్రాంక్ కేసులో పుట్టే ఒత్తిడి ఆ రంధ్రం గుండానే కార్బొరేటర్ పంపుకి అందుతుంది, ఆ దెబ్బతోనే డయాఫ్రమ్ ఆడి ట్యాంకులోంచి పెట్రోల్ లాగుతుంది. గ్యాస్కెట్ తిరగేసి పెట్టి ఆ రంధ్రం మూసేస్తే పెట్రోల్ రాదు. బోల్టులు వదులైతే దొంగగాలి. అందుకే ఈ బోల్టులకి నీలం రంగు థ్రెడ్ లాకర్ (బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసి, రెండు వైపులా సమానంగా, కొంచెం కొంచెంగా బిగించాలి. లోహంలోకి వెళ్ళే బోల్టులకే ఈ చుక్క, ప్లాస్టిక్‌లోకి వెళ్ళే స్క్రూలకి వద్దు.

కొత్త సీళ్ళు, కొత్త గ్యాస్కెట్, కొత్త పిస్టన్ వేసి మళ్ళీ బల్బు కొట్టాను. ముల్లు 300 దగ్గర కదలకుండా కూర్చుంది. అంతటితో ఆపలేదు, పెద్ద సిరంజీతో గాలి లాగి కూడా చూశాను. కొన్ని సీళ్ళు లోపలి ఒత్తిడికి నిలబడి, లాగితే మాత్రం పెదవి వదిలేస్తాయి, క్రాంక్ కేసులో రెండూ జరుగుతాయి కాబట్టి రెండూ చూడాలి.

ఫ్లైవీల్ తిరిగి బిగించేటప్పుడు ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్‌కీ ఫ్లైవీల్ మాగ్నెట్‌కీ మధ్య 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మామూలు విజిటింగ్ కార్డు మందం దాదాపు అంతే ఉంటుంది, మధ్యలో పెట్టి కాయిల్ వదిలేస్తే మాగ్నెట్టే లాక్కుంటుంది, అప్పుడు బోల్టులు బిగించి కార్డు లాగేస్తే అయిపోతుంది. ప్లగ్ ఎన్‌జీకే సీఎంఆర్7హెచ్.

మే మూడో వారం: పెట్రోల్ సంగతి

ఈ సైజు బండ్ల మీద దొరికే పాత సలహాలన్నీ ఇథనాల్ లేని పెట్రోల్‌కో, పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌కో రాసినవి. మన దగ్గర ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి రావడం మొదలైంది, 2025 నాటికి దేశమంతటా అదే మామూలు పెట్రోల్ అయిపోయింది. కారు ఇంజన్‌లో కంప్యూటర్ ఉంటుంది, అది సర్దుకుంటుంది. మన కార్బొరేటర్‌లో ఉన్నవి రెండు స్క్రూలు, రెండు రబ్బరు పొరలు, అంతే.

ఇబ్బందులు మూడు. మొదటిది మిశ్రమం. పెట్రోల్ పూర్తిగా మండడానికి ఒక పాలుకి 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కి తొమ్మిది పాళ్ళు చాలు. అంటే ఇరవై శాతం ఇథనాల్ ఉన్నప్పుడు అదే స్క్రూ సెట్టింగులో ఇంజన్ పలచగా తిరుగుతుంది, కార్బొరేటర్‌లో పెట్రోల్ ఎంత రావాలో సర్దే సూది స్క్రూ కొంచెం తెరవాల్సిందే. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి గాలి కొంచెం పలచన, పైగా మే ఎండలో ఇంకొంచెం పలచన, ఇవి రెండూ మిశ్రమాన్ని చిక్కటి వైపు నెడతాయి. ఇటు లాగేది ఒకటి, అటు లాగేవి రెండు. అందుకే ఎవరో చెప్పిన స్క్రూ నంబరు పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం ఉండదు, ఇంజన్ శబ్దమే వినాలి.

రెండోది రబ్బరు. పాత పెట్రోల్ పైపు తీసి వంచి చూస్తే గట్టిపడి పగుళ్ళు కనిపించాయి. కొత్తగా పసుపు రంగు టైగాన్ పైపు వేశాను. డయాఫ్రమ్ కొత్తదైతే వేలితో తాకితే మెత్తగా లొంగుతుంది, పాతది కాగితంలా పెళపెళ లాడుతుంది. కిట్ మొత్తం మార్చాను. ట్యాంకులో వేలాడే చిన్న ఫిల్టర్ కూడా మార్చండి, దాన్ని అందరూ మర్చిపోతారు.

మూడోది నీళ్ళు. ఇథనాల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే ఇథనాల్ నీళ్ళతో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకి చేరుతుంది, పెట్రోల్ పైపు పీల్చేది కూడా అడుగునే. మీ పెట్రోల్‌లో ఇథనాల్ ఎంత ఉందో చూడాలంటే ఆయిల్ కలపకముందే కొలత గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోల్, 20 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూతపెట్టి ఊపి, కాసేపు వదిలేయండి. ఇథనాల్ నీళ్ళలోకి దిగిపోయి అడుగు పొర 20 దగ్గర్నుంచి 40 దాపుకి పెరుగుతుంది. మా మేనల్లుడికి చూపిస్తే వాడు ఆ గొట్టం చేతిలోంచి వదల్లేదు. ఇలా నీళ్ళతో కడిగిన పెట్రోల్‌నే వాడేవాళ్ళు కొందరున్నారు. నేను మాత్రం వద్దంటాను, ఆక్టేన్ తగ్గుతుంది, నీటి చుక్కలు మిగిలే ప్రమాదం ఉంటుంది. తాజాగా కొద్దికొద్దిగా కలుపుకోవడం, తిప్పడం అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, ఐడిల్‌లో ఆగిపోయేదాకా వదిలి కార్బొరేటర్ ఎండబెట్టడం, ఇదే నా పద్ధతి. మా దగ్గర్లోని బంకుల్లో సీసాల్లో పెట్రోల్ పోయరు, కాబట్టి బైక్ ట్యాంకు పైపులోంచే మూత ఉన్న డబ్బాలోకి పట్టుకుంటాను, ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మాత్రమే.

ఆయిల్ 25కి 1, అంటే లీటర్ పెట్రోల్‌కి 40 మిల్లీలీటర్లు. 32కి 1 అంటే 31 మిల్లీలీటర్లు, అలా వాడేవాళ్ళూ ఉన్నారు, కానీ 40 డిగ్రీలు దాటే ఊళ్ళో నేను ఆ తొమ్మిది మిల్లీలీటర్ల దగ్గర పొదుపు చేయను. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని ఉన్న టూటీ ఆయిల్ చూసి కొనండి, టూ స్ట్రోక్ ఆయిళ్ళకి ఆ వరసలో పై మెట్టు అది.

రోహిణి కార్తె: ట్యూనింగ్

శంకర్‌పల్లి రోడ్డు వైపు, ఔటర్ దాటాక, ప్లాట్లు ఇంకా అమ్ముడుపోని ఒక వెంచర్. మొరం పరిచిన వెడల్పాటి రోడ్లు, మధ్యలో ఎండిన గడ్డి, పక్కన సర్కారు తుమ్మ. వాచ్‌మన్ తాతని ముందే అడిగి, ఆయన సరే అన్నాకే దింపాం. ఈ బండి శబ్దానికి ఇళ్ళ మధ్య తిప్పే ప్రసక్తే లేదు. తుమ్మ ముళ్ళ గురించి చాలామంది అడుగుతారు. ఈ టైర్లలో గాలి ఉండదు, లోపల ఫోమ్ ఉంటుంది, ముల్లు గుచ్చుకున్నా పంక్చర్ అనేది లేదు.

స్టార్ట్ చేసే ముందు స్క్రూలు మెల్లగా చివరిదాకా మూసి, అక్కడి నుంచి హెచ్ సూది (ఫుల్ రేసులో పెట్రోల్ సర్దేది) ఒకటిన్నర చుట్టు, ఎల్ సూది (తక్కువ రేసులో సర్దేది) ఒకటింపావు చుట్టు తెరిచాను. స్క్రూ కుడివైపు తిప్పితే పలచన, ఎడమవైపు తిప్పితే చిక్కన. ఒక్కసారికి అరపావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పకూడదు, స్క్రూ తిప్పాక బండిని కొంతదూరం నడిపి చూశాకే మళ్ళీ చెయ్యి పెట్టాలి. ఎప్పుడూ ముందు ఎల్, ఆ తర్వాత ఐడిల్, చివర్న హెచ్. ట్రిగ్గర్ ఒక్కసారిగా నొక్కితే తడబడకుండా లేవాలి, వదిలితే వెంటనే దిగాలి. తడబడుతూ ఆగిపోయేలా ఉంటే ఎల్ పలచన, గొర్రుగొర్రుమంటూ పొగతో లేస్తే చిక్కన.

హెచ్ సూది స్టాండ్ మీద పెట్టి సెట్ చేయొద్దు. లోడ్ లేకుండా ఫుల్ రేస్ ఇస్తే ఇంజన్‌కి హింస, పైగా ఆ శబ్దం నిజం చెప్పదు. తిన్నటి రోడ్డు మీద ఫుల్ త్రాటిల్ ఇచ్చి వినాలి. చిక్కగా ఉన్నప్పుడు పైన శబ్దం గరగరలాడుతుంది, ఒక పేలుడు వదిలి ఒక పేలుడు వస్తున్నట్టు. మెల్లగా మూస్తూ వస్తే అది సాపై నిండుగా పాడుతుంది. సాపైన చోట ఆపి, మళ్ళీ అరపావు వెనక్కి తెరిచి వదిలేయండి. ఆఖరి స్పీడు కోసం ఇంకో అరపావు మూయాలని చెయ్యి లాగుతుంది, అక్కడే పిస్టన్లు పోతాయి. నా బండికి ఆ రోజు ఎండలో ఒకటిన్నర కన్నా ఒక అరపావు ఎక్కువ తెరిచిన చోట కుదిరింది. మీ బండికి అదే కుదరాలని లేదు.

వేడెక్కాక ట్రిగ్గర్ వదిలితే రేసు టక్కున కిందికి దిగింది. ఆ ఒక్క శబ్దం కోసమే ఇన్ని వారాల పని!

ఇంకొక మాట. ఫ్యాన్ ఫ్లైవీల్ మీదే ఉంటుంది కాబట్టి ఇంజన్ ఆగితే ఫ్యానూ ఆగుతుంది. ఫుల్‌గా తిప్పి తీసుకొచ్చి ఆ వేడిలోనే ఆపేస్తే లోపలి వేడంతా కార్బొరేటర్‌కి ఎక్కుతుంది. ఒక నిమిషం ఐడిల్‌లో వదిలి ఆపండి.

అదే వారం: ఆపగలిగితేనే తిప్పాలి

గేదెలు తోలుకొచ్చిన పిల్లలు, వాకింగ్‌కి వచ్చినవాళ్ళు, బైకు ఆపి చూసేవాళ్ళు చుట్టూ చేరారు. "పెట్రోల్ పోస్తరా అన్నా దీంట్ల?" అని ఒకడు, "నాకోసారి ఇవ్వరాదే" అని ఇంకొకడు. పది కిలోల బరువు గంటకు 60 మీద కాలికి తగిలితే ఎముక విరుగుతుంది. అందుకే ఈ పని గురించి నేను మొహమాటం లేకుండా చెబుతాను, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బ్రేకు పడే ఏర్పాటు), కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) రెండూ పరీక్షించని బండిని కింద పెట్టకూడదు.

రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది. సిగ్నల్ పోతే త్రాటిల్ సర్వో (త్రాటిల్‌ని కదిపే చిన్న మోటారు) బ్రేకు వైపు వెళ్ళేలా ఫెయిల్‌సేఫ్ మనమే సెట్ చేయాలి. సెట్ చేశాక వెనక చక్రాలు పైకెత్తి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా రిమోట్ ఆఫ్ చేసి చూడాలి. కానీ బండిలో సిగ్నల్ అందుకునే రిసీవర్ బ్యాటరీయే చచ్చిపోతే సర్వో కదలదు, ఫెయిల్‌సేఫ్ పనిచేయదు. అక్కడ కాపాడేది కార్బొరేటర్ దగ్గరుండే రిటర్న్ స్ప్రింగు, వేరుగా పెట్టిన ఎలక్ట్రానిక్ కిల్ స్విచ్. ఈ ఇంజన్ ఆగాలంటే కాయిల్ వైరు బాడీకి తగలాలి, కరెంటు తీసేస్తే ఆగే రకం కాదు. ఆ వైరు తెగితే ఏ స్విచ్ నొక్కినా ఇంజన్ ఆగదు, అప్పుడు చోక్ మూయడమే దారి. ప్రతిసారీ తిప్పే ముందు వైరు కొసలు చూస్తాను. కిల్ మాడ్యూల్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో కొన్నాను, బిగించడం సాయంత్రం పని.

చూసేవాళ్ళని నా వెనక నిలబెడతాను, నా ముందు ఎవరూ ఉండకూడదు. మేనల్లుడికి కూడా ముందు ఆపడం నేర్పాకే ట్రిగ్గర్ ఇచ్చాను.

జూన్: మృగశిర తర్వాత

మొదటి వానలు పడ్డాయి. ఎండలో పొడిగా లేచే మొరం ఇప్పుడు పైన ముద్దగా, కింద పొడిగా ఉంటుంది. రెండూ కలిసి ఫోమ్‌ని త్వరగా మూసేస్తున్నాయి.

ఫిల్టర్ పని ఇలా చేస్తున్నాను. ఫోమ్‌ని ముందు కిరోసిన్‌లో పిసికి, తర్వాత సబ్బు నీళ్ళలో కడిగి, నీడలో పూర్తిగా ఆరబెడతాను. మెలిపెట్టి పిండితే ఫోమ్ చిరుగుతుంది, అరచేతుల మధ్య అదమాలి. ఆరాక ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ పోసి జిప్ కవర్‌లో పెట్టి, రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా పిసుకుతాను. మామూలు ఇంజన్ ఆయిల్ అయితే కిందికి జారిపోయి పైభాగం పొడిగా మిగులుతుంది, అందుకే ఆ జిగురుండే ఆయిలే కావాలి. ఫోమ్ కూర్చునే అంచుకి చుట్టూ సన్నగా గ్రీజు రాస్తాను, దుమ్ము ఎక్కువగా దూరేది ఫోమ్‌లోంచి కాదు, ఆ అంచులోంచి. పైన బట్ట తొడుగు. ఇలా సిద్ధం చేసిన ఫిల్టర్లు కొన్ని కవర్లలో పెట్టుకెళ్తాను, అక్కడ మార్చడమే తప్ప కడగడం ఉండదు. ఇంటికొచ్చాక తెల్ల బట్ట వేలికి చుట్టి కార్బొరేటర్ నోట్లో తిప్పుతాను, ఎరుపు కనిపిస్తే ఎక్కడో సందు ఉన్నట్టే, ఆ సందు దొరికేదాకా బండి కదలదు.

క్లచ్ కూడా చూశాను. షూలు నల్లగా అద్దంలా మెరుస్తుంటే జారుతున్నట్టు, బెల్ నీలం రంగుకి తిరిగితే వేడెక్కినట్టు. మావి కొంచెం మెరుస్తున్నాయి, గరుకు కాగితంతో రుద్ది బిగించాను. మెత్తటి తడి మట్టిలో సగం త్రాటిల్‌తో పాకించడమే క్లచ్‌ని కాల్చేది, బురద కనిపిస్తే పక్కకి తిప్పండి.

వాన గాలికి ఉదయాలు చల్లబడ్డాయి. చల్లటి గాలి చిక్కన కాబట్టి ఎండలో కుదిరిన సెట్టింగు ఇప్పుడు పలచబడింది, హెచ్ ఇంకొక అరపావు తెరిచాను. మే నెలలో సెట్ చేసి అలాగే వదిలేసేవాళ్ళు ఈ కాలంలోనే ఇంజన్ పోగొట్టుకుంటారు.

జూలై: సైలెన్సర్ విప్పి చూశాను

సైలెన్సర్ తీస్తే ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి పిస్టన్ పక్కభాగం, రింగు కనిపిస్తాయి, సిలిండర్ విప్పక్కర్లేదు. టార్చి వేసి మెల్లగా తాడు లాగుతూ చూశాం. కొత్త పిస్టన్ మీద ఎక్కడా గీత లేదు, రింగు చుట్టూ ఒకేలా మెరుస్తోంది. కార్బొరేటర్ వైపు తెల్ల బట్ట తెల్లగానే వచ్చింది. బీపీ బల్బు మళ్ళీ తగిలించాను, ముల్లు నిలబడింది.

సైలెన్సర్ బోల్టు ఒకటి మాత్రం వదులైంది, ఆ వేడికి నీలం థ్రెడ్ లాకర్ నిలవదు, లాక్ వాషర్ మార్చి బిగించాను. వెనక షాక్ అబ్జార్బర్ల రాడ్ల దగ్గర ఆయిల్ తడి, దాని మీద ఎర్రటి పేస్టు కనిపిస్తున్నాయి, లోపలి ఓ రింగులు అరిగినట్టున్నాయి. ఈ ఆదివారం రాణిగంజ్ మూసి ఉంటుంది, సోమవారం పాత రింగులు పట్టుకెళ్ళి కొలతలు కలిపి తెస్తాను. సిలికాన్ ఆయిల్ ఎలాగూ మార్చాలి. ఆ తర్వాత డిఫరెన్షియల్ విప్పడం మిగిలింది.